పుదుచ్చేరిలో ప్రథమ చికిత్స పాఠం

పుదుచ్చేరి అనగానే సముద్రతీరమూ, ఫ్రెంచివారి నాటి వీధులూ స్ఫురిస్తాయి. యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే కనుక తెలుగువారికి ఈ పట్టణం పరాయిది కాదు. అయితే మేము చూడగోరినది వైద్యంతోనూ, కార్మిక జీవనంతోనూ ముడిపడిన పుదుచ్చేరిని.

భారతి పార్కు చెంత శాసనసభ భవనం ఉన్నది. 1823లో ఫ్రెంచివారు స్థాపించిన వైద్య పాఠశాల ఒకప్పుడు నడిచినది ఇక్కడనే. 1959లో అది శివారులోని గోరిమేడుకు తరలి, 1964లో జిప్‌మర్‌గా పేరు మార్చుకున్నది.

పట్టణానికి మరొక దిక్కున, ముదలియార్‌పేటలో, 2020లో మూతపడిన ఏ.ఎఫ్.టి. నూలుమిల్లు కనిపిస్తుంది. 1936 జూలై 30న పుదుచ్చేరి మిల్లు కార్మికులపై జరిగిన కాల్పులలో 12 మంది అసువులు బాశారు. ఆ పోరాటమే ఫ్రెంచి పాలిత ప్రాంతంలో ఎనిమిది గంటల పనిదినాన్ని సాధించినది.

ఆ ఎనిమిది గంటలలో కార్మికుని ప్రాణానికి రక్ష ఏది? స్వతంత్ర భారతంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రతి 150 మందికి ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలన్నది. అంతటితో ఆగక, శిక్షణ పొందిన ఒక బాధ్యుడు పని వేళలలో అందుబాటులో ఉండాలని కూడా విధించినది. మనిషి లేని పెట్టె గోడకు అలంకారమే.

గుండె ఆగితే నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినసాగుతుంది. ముదలియార్‌పేట నుండి గోరిమేడుకు పట్టణమంతా దాటి వెళ్ళాలి. ఎంతటి ఆసుపత్రి ఉన్నా, ఆ తొలి నిమిషాలు పక్కనున్న సహోద్యోగి చేతిలోనివే.

పడిపోయినవారు పలుకక, సరిగా శ్వాసించకుంటే వెంటనే 108కి ఫోను చేయించి, ఛాతీ నడుమ ఐదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుండి 120 సార్లు, సహాయం అందేవరకు నొక్కాలి. విద్యుదాఘాతమైతే ముందుగా కరెంటు ఆపిన తరువాతనే తాకాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. కాలిన చోట టూత్‌పేస్టు, సిరా పూయక, 20 నిమిషాలు కుళాయి నీరు పారనివ్వాలి. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు, నోటిలో ఏ వస్తువూ పెట్టరాదు. మూర్ఛ తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ఇవన్నీ ఒకటి రెండు రోజుల శిక్షణతో పట్టుబడేవే. మన విభాగంలోని పెట్టె ఎక్కడున్నదో, దాని బాధ్యులెవరో, తాళం ఎవరి వద్దనో ప్రతి ఒక్కరమూ నేడే తెలుసుకొందాము.