దూరం నుంచి పంపిన శక్తి

2019లో కుడి రొమ్ములో గడ్డ ఉందని తేలేనాటికి నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నాను. ఆపరేషన్ చేసి, చంకలోని గ్రంథులు కూడా తీశారు. తర్వాత కీమో. మొదట్లో ఎక్కించింది ఎర్ర మందు. ఆ రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుందని నర్సు ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకుంటే అక్కడే కళ్లు తిరిగి పడేదాన్ని. వాంతుల కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది నోటి పూత. పప్పుచారు పోసి మెత్తగా పిసికిన అన్నం కూడా గొంతు దిగేది కాదు.

మా ఆడబిడ్డ, నా మీద ప్రేమతోనే, ఒక హీలర్ మేడంను ఇంటికి తీసుకొచ్చింది. చైనాలో తావో గురువులు నేర్పిన విద్య అట, ‘చీ’ అనే ప్రాణశక్తిని చేతుల్లోంచి పంపుతారట. ఆమె స్టూలు వేసుకుని పక్కన కూర్చునేది. కాళ్ల దగ్గర బేసిన్‌లో దొడ్డుప్పు కలిపిన నీళ్లు. నన్ను ముట్టుకోకుండా జానెడు ఎత్తులో చేతులు తల నుంచి కిందికి ఆడించి, ప్రతిసారీ వేళ్లు బేసిన్‌లోకి విదిలించేది. నా రోగం ఆ నీళ్లలోకి పోతున్నట్టు లెక్క. అబద్ధమెందుకు, హాయిగానే ఉండేది. ఫోన్ మోగకుండా, ‘ఎట్లుంది’ అని ఎవరూ అడగకుండా అరగంట కళ్లు మూసుకుని పడుకుంటే ఎవరికి హాయిగా ఉండదు?

రెండో కీమో అయి వారం దాటాక ఒక సాయంత్రం చలి పుట్టింది. థర్మామీటర్ 101 చూపించింది. కీమోలో ఉన్నవాళ్లకు 100.4 దాటితే అది మామూలు జ్వరం కాదు. మందు దెబ్బకు తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, చిన్న ఇన్ఫెక్షన్ కూడా రక్తమంతా పాకొచ్చు. వెంటనే యాంటీబయాటిక్ పడాలి. ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితంలోనూ ఆ మాట ఉంది. మా ఆయన చెప్పులేసుకున్నారు. ఈలోపు ఆడబిడ్డ మేడంకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. “కీమో విషం బయటికి పోతోంది, మంచిదే. ఇప్పుడు సూది వేయిస్తే అంతా లోపలే ఉండిపోతుంది. అక్క ఫొటో పంపండి, నేను ఇక్కడి నుంచే శక్తి పంపిస్తా” అంది. ఆడబిడ్డ గడపలో అడ్డంగా కూర్చుంది. “వదినా, ఈ ఒక్క రాత్రి చూద్దాం” అని ఏడ్చింది. మా ఆయన చెప్పులతోనే హాల్లో నిలబడిపోయారు. రెండు దుప్పట్ల కింద నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, నోరు తెరిచి మాట చెప్పే ఓపిక లేదు. కాజీపేట నుంచి మా తమ్ముడు వచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. నన్ను ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు.

ఆస్పత్రికి చేరేసరికి బీపీ పడిపోయింది. తెల్లకణాల రిపోర్టు చూసి డ్యూటీ డాక్టర్ మా తమ్ముణ్ని పక్కకు పిలిచి, “తెల్లారేదాకా ఆగి ఉంటే కష్టమయ్యేది” అన్నాడట. ఐసీయూలో ఉన్న రోజులు నాకు సరిగా గుర్తులేవు.

ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను. చైనాలో ఈ సాధనలు చాలా పాతవే గానీ, 1950లలో ల్యూ గ్వెయ్‌జెన్ అనే ఆయన వాటికి చీగాంగ్ అన్న పేరు స్థిరపరిచి శానిటోరియంలలో చికిత్సగా పెట్టించాడు. శ్వాస, కదలిక కలిపి ఎవరికి వాళ్లు చేసుకునే సాధన అది. చేతుల్లోంచి బయటికి పంపే శక్తికి ఊపొచ్చింది 1970ల చివర. షాంఘైలో గూ హాన్‌సెన్ అనే శాస్త్రవేత్త సాధకుల అరచేతుల నుంచి పరారుణ కిరణాలు వస్తున్నాయని యంత్రాలతో చూపించింది. క్షిపణుల నిపుణుడు చియెన్ షుయేసెన్ అంతటివాడు దీన్ని వెనకేసుకొచ్చాడు. నేను ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే ఇది. వెచ్చగా ఉన్న ప్రతిదీ పరారుణ కిరణాలు వదులుతుంది, టీ గ్లాసు కూడా. అంతమాత్రాన టీ గ్లాసు కేన్సర్ తగ్గించదు.

అమెరికాలో ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల పిల్ల అట్ట అడ్డంపెట్టి, తన చెయ్యి వాళ్ల ఏ అరచేతి మీద ఉందో చెప్పమని ఇలాంటి 21 మంది హీలర్లను అడిగింది. 280 సార్లలో 123 సార్లే సరిగ్గా చెప్పారు. బొమ్మాబొరుసు వేసినా సగం తగిలేవి. 1998లో అది పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. పరామర్శకు వచ్చిన మేడంను మా మేనల్లుడు తువ్వాలు అడ్డంపెట్టి అదే పరీక్షకు రమ్మన్నాడు. “నమ్మకం లేని చోట చీ పారదు బాబూ” అని ఆమె బ్యాగు తీసుకుంది. మళ్లీ రాలేదు.

యేల్ యూనివర్సిటీ డాక్టర్లు 2018లో తేల్చిన లెక్క ఒకటుంది. అసలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న రొమ్ము కేన్సర్ రోగులకు చావు ముప్పు ఐదు రెట్లు మించింది. అది ఆడబిడ్డకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. తర్వాతి కీమోకు ఫ్లాస్కులో జావ పోసుకుని తనే నా వెంట వచ్చింది.

చీగాంగ్‌ను మాత్రం నేను వదల్లేదు. గ్రంథులు తీసిన వైపు చెయ్యి భుజం దాటి లేచేది కాదు, బీరువా పై అర అందేది కాదు. డాక్టర్ని అడిగి, ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర ‘బా దువాన్ జిన్’ నేర్చుకున్నాను. ఎనిమిది కదలికలు. మొదటిది రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి, ఊపిరి నిండా పీల్చడం. కొన్ని నెలలకు పై అరలోని స్టీలు డబ్బా నేనే దించాను. కండరాలు సాగాయి, ఊపిరి నిలకడైంది, నిద్ర పట్టింది. దానికి చీ పారిందన్న వివరణ నాకు అక్కర్లేదు. రోజూ కదిలించింది నేనే, డబ్బులు తీసుకుని దూరం నుంచి ఎవరూ కదిలించలేదు.

కీమోలో ఉన్నవాళ్లు థర్మామీటర్ దిండు పక్కనే పెట్టుకోండి. 100.4 చూపిస్తే ఎంత రాత్రయినా బయల్దేరండి. ఫోన్ చేయాలంటే ఆస్పత్రికే చేయండి.