చుక్క తర్వాతి మాట

మా ఆపా కొడుకు సున్నిపెంటలో కారు నడుపుతాడు. మార్కాపురం స్టేషన్‌లో దిగే యాత్రికుల్ని శ్రీశైలం చేర్చడమే వాడి రోజీ.

"మామూ, వెబ్‌సైటు పెడతా. చివర డాట్ కామ్ ఉండాలా, డాట్ ఇన్ చాలా? డాట్ ట్యాక్సీ కూడా ఉందంట!" అన్నాడు మొన్న.

పేర్లూ ప్లాట్లలాంటివే బేటా! 1985లో పుట్టిన డాట్ కామ్ మెయిన్ రోడ్డు జమీన్. జనం నోటికి ముందు వచ్చేది అదే. అందుకే వాయిస్ డాట్ కామ్ అన్న ఒక్క పేరు 2019లో 3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అలాగని తోకలో ట్యాక్సీ ఉందని గూగుల్ ఎవర్నీ పైన కూర్చోబెట్టదు. కొత్త తోకల్లో చాలావాటికి మొదటి ఏడాది సస్తా, రెన్యువల్‌కు వాత. మన గిరాకీకి డాట్ ఇన్ చాలు.

అప్పుడు అసలు మాట బయటపెట్టాడు. దేవస్థానం పేరే తీసుకుని, చివర తోక మార్చి కొంటే బోలెడు మంది వస్తారని దోస్తు ఎవరో చెప్పాడట.

వస్తారు, నిజమే. శ్రీశైలం దేవస్థానం సైటు డాట్ ఆర్గ్ పేరుతో నడిచింది. ఆ తోక ఎవరైనా కొనుక్కోవచ్చు. డాట్ గవ్ డాట్ ఇన్ సర్కారుకు తప్ప ఎవరికీ ఇవ్వరు. తిరుమల దేవస్థానం 2024లో అందులోనే కొత్త పేరు పెట్టుకుంది. అమ్మకానికి లేకపోవడమే దాని కీమత్. గదుల పేరుతో నకిలీ సైట్లకు డబ్బు కట్టి, కొండెక్కాక ఏడ్చినవాళ్లు వాడి కార్లోనే దిగిపోయారు.

"వాళ్ల భరోసా అమానత్ రా. దాన్ని వాడుకుంటే కమాయి హలాల్ అవుతుందా?"

వాడు తన పేరుతోనే డాట్ ఇన్ తీసుకున్నాడు. గిరాకీ మెల్లగా వస్తోంది.