తాత శాలువా

మా ఇంటి పాత పెట్టెలో ఒక శాలువా వుంది. మా తాత గద్వాల సంస్థానంలో పద్యాలు చదివి తెచ్చుకున్నాడని నాయనమ్మ చెప్పేది. కార్తిక, మాఘ మాసాల్లో అక్కడ పండిత సభలు జరిగేవి. 'విద్వద్గద్వాల' అన్న పేరు వూరికే రాలేదు. వనపర్తికీ, ఆత్మకూరుకూ కవులు ఇలాగే వెళ్ళేవారు. తిరుపతి వేంకట కవులంతటివారు యీ దారిన నడిచారు.

ఆ పోషణ వల్ల ఎన్నో గ్రంథాలు వెలుగు చూశాయి. కాదంటే చరిత్రకు ద్రోహం. అయితే ఆ శాలువా వెల ఎవరు చెల్లించారు? రైతు కట్టిన శిస్తులో నిజాముకు పేష్కషు పోగా, సంస్థానం ఖర్చులు పోగా, మిగిలిన దానిలోంచి కవికి ముట్టేది. తాత పద్యాల్లో రాజు భోజుడు, కర్ణుడు. శిస్తు కట్టినవాడు ఒక్క పాదంలోనూ లేడు. తాత అబద్ధాలకోరు కాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టగూడదనుకున్నాడు, అంతే.

యీ గద్వాల సీమలోనే పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణంలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. కవికి రాజుగారి సింహద్వారం కాక మరొక గుమ్మం కనిపించింది: చందా కట్టి చదివే పాఠకుడు. శాలువా కప్పే ప్రభువు అలిగితే కవికి దిక్కులేదు. ఒక చందాదారు అలిగితే మరొకడుంటాడు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. సంస్థానాల కొలువులు ముగిశాయి. మరి పోషకుడు పోయాడా? వేషం మార్చాడు. ఇప్పుడతని చేతిలో అవార్డు వుంది, పాఠ్యపుస్తకం వుంది, గ్రంథాలయాల కొనుగోలు జాబితా వుంది.

ఇది నాకు పుస్తకాలు చెప్పిన సంగతి కాదు. ఒక నాయకుడి అభినందన సంచికకు వ్యాసం రాయమని నన్నడిగారు. నా పుస్తకం గ్రంథాలయాలకు కొనిపిస్తామన్న మాట కూడా చెవిన వేశారు. రాశాను. వలసపోయే పాలమూరు కూలీల గురించి అందులో ఒక పేరా వుండేది. పంపేముందు నేనే కొట్టేశాను. కొట్టెయ్యమని నన్నెవరూ అడగలేదు.

తాతను విమర్శించే హక్కు ఆ పేరాతోనే పోయింది. దాన్ని తిరిగి సంపాదించుకోవాలంటే ముందు యీ మాట మీ ఎదుట ఒప్పుకోవాలి. శాలువా ఇంకా పెట్టెలోనే వుంది.