మలక్కా కొండ మీద వలందుల రాళ్లు

కౌలాలంపూర్‌లో ఉండే తెలుగువాళ్లకి మలక్కా అంటే పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేసే ఊరు. కారులో రెండు గంటల దారి. ఎర్ర చర్చి ముందు నాలుగు ఫొటోలు దిగడం, జోంకర్ వీధిలో చెండోల్ తాగడం, చీకటి పడేలోగా హైవే ఎక్కడం. ఇండియా నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా మేమూ అలాగే తిప్పి తీసుకొచ్చేవాళ్లం. ఈసారి శనివారం మేమిద్దరమే వెళ్లి రాత్రి అక్కడే ఉన్నాం. ఒక్క రాత్రయినా ఉండి, కాలినడకన తిరిగితే గాని ఆ ఊరు మనకి తెలియదు.

అసలు మలక్కా ఎదిగిందే గాలి మళ్లేదాకా ఓడలు ఆగే చోటుగా. నైరుతి గాలికి మన తీరం నుంచి ఓడలు వచ్చేవి, ఈశాన్య గాలికి చైనా నుంచి వచ్చేవి. తిరుగుగాలి వీచేదాకా వర్తకులు నెలల తరబడి ఊళ్లోనే మకాం. సుల్తానుల కాలంలో వాళ్ల వ్యవహారాలు చూడ్డానికి నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారు. గుజరాతీలకి ఒకరు, కోరమాండల్, బెంగాల్, పెగూ వైపు నుంచి వచ్చేవాళ్లకి ఇంకొకరు, ఇలా. ఆ రేవులో 84 భాషలు వినిపించేవని పోర్చుగీసు మందుల వర్తకుడు టోమే పిరేష్ రాశాడు. 1511లో పోర్చుగీసు సేనాని ఆల్బుకర్క్ ఊరిని పట్టుకున్నాడు. 1641లో డచ్చివాళ్లు, 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్లు. ఎవరొచ్చినా ఊరి మధ్య ఉన్న చిన్న కొండని వాడుకున్నారు.

కొండ కింద పోర్చుగీసు కోటలో మిగిలింది ఒక్క ద్వారమే. మిగతాదంతా ఇంగ్లీషువాళ్లు, 1824కి ముందు కొన్నాళ్లు ఊరు తమ చేతిలో ఉన్నప్పుడు, 1807లో పడగొట్టించారు. మెట్లెక్కితే పైన కప్పులేని సెయింట్ పాల్ చర్చి ఉంటుంది. 1521 నాటిది. క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ పార్థివదేహాన్ని గోవాకి పంపేముందు 1553లో కొన్నాళ్లు ఇక్కడే ఉంచారు. అందరూ ఆ చోటు చూసి కిందికి దిగిపోతారు. నన్ను కదలనివ్వనివి గోడలకి ఆనించి నిలబెట్టిన సమాధి రాళ్లు. మనిషి ఎత్తుని మించిన పలకలు. పైభాగంలో వంశచిహ్నం, దాని మీద శిరస్త్రాణం, చుట్టూ ఆకుల తీగలు, కింద వరసలు వరసలుగా అక్షరాలు. ఒక రాయి మీద అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కారు. వేలితో తడిమితే అంచులు ఇంకా పదునుగా తగిలాయి.

నాది బందరు. ఇలాంటి రాళ్లే చిన్నప్పుడు బందరుకోటలో డచ్చి సమాధుల దగ్గర చూశాను. మావారిది వరంగల్. ఆయనకి ఆ సంగతి తెలియదు. అక్కడే గోడనీడలో కూర్చుని చెప్పాను. వలందులు, అంటే డచ్చివాళ్లు, 1605లోనే బందరులో వర్తకం మొదలెట్టారని, మా ఊళ్లో వలందపాలెం వాళ్ల పేరుతోనే ఉందని. వాళ్లకి కావలసింది మన బట్ట. లవంగాలు, జాజికాయలు పండే ద్వీపాల్లో వెండికన్నా కోరమాండల్ అద్దకం బట్టకే గిరాకీ ఎక్కువ. ఆ బట్ట పెట్టి మసాలా దినుసులు కొనేవాళ్లు. "అంటే మీ బందరువాళ్లు నేసిన బట్ట మీదే ఇదంతా నడిచిందన్నమాట" అన్నారాయన. ఇదంతా కాకపోయినా, ఇందులో మంచి వాటానే.

నది దాటితే కంసాలి వీధి. నా మటుకు మలక్కా మొత్తంలో చూడవలసిన వీధి ఇదే. పొయ్యాద వినాయగర్ గుడి 1781లో కట్టింది. డచ్చి ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో ఇక్కడి చిట్టి సముదాయం వాళ్లు కట్టుకున్నారు. వెనక గదిలో సుబ్రహ్మణ్యస్వామి. నాలుగడుగుల్లో కంపుంగ్ క్లింగ్ మసీదు. ఇండియా నుంచి వచ్చిన ముస్లిం వర్తకులది, 1748 నాటిది. దానికి గుమ్మటం లేదు. మూడంతస్తుల పెంకు కప్పు, చైనా గోపురంలాంటి మీనారు, లోపల విలాయతీ పింగాణీ పలకలు. ఇంకాస్త ముందుకెళ్తే చెంగ్ హూన్ తెంగ్ చైనా గుడి, అగరుధూపం వాసన వీధిలోకే వస్తుంది.

సాయంత్రం గాజా బెరాంగ్‌లోని చిట్టి పల్లెకి వెళ్లాం. సుల్తానుల కాలంలో వచ్చి ఇక్కడి ఆడవాళ్లని పెళ్లాడి స్థిరపడిన తమిళ వర్తకుల సంతతి వాళ్లు. ఇంట్లో మాట్లాడేది మలయ్. కట్టు సారాంగ్, కెబాయా. దేవుళ్లు మాత్రం మన దేవుళ్లే. గుడి దగ్గర ఒక పెద్దావిడ నా బొట్టు చూసి పలకరించింది. భోగినాడు అరిటాకులు పరిచి, పోయిన పెద్దలకి ఇష్టమైన వంటలన్నీ వడ్డించి దీపం పెడతారట. మన ఇళ్లల్లో సంక్రాంతికి పెద్దలకి పెట్టుకుంటాం కదా, అదే. భాష పోయింది, ఈ ఆచారం పోలేదు. నాకు కళ్లు చెమర్చాయి.

ఇక తిండి సంగతి. చెండోల్ తప్పకుండా తాగండి. కొబ్బరిపాలు, ఐసు, పచ్చటి సేమ్యా, పైన ఆ ఊరి బెల్లం పాకం. రాత్రి నది ఒడ్డున నడక బాగుంటుంది. జోంకర్ వీధిలో శనివారం జనం బాగా ఉంటారు, పిల్లలతో వెళ్లేవాళ్లు ఏడింటిలోపే చూసేయడం మేలు.

మా బందరులాగే మలక్కా రేవుకి కూడా కాలం కలిసిరాలేదు. పినాంగ్, సింగపూర్ వచ్చాక వర్తకం అటు పోయింది. అయినా ఊరు తన పాత ఇళ్లని నిలుపుకుంది. వాటిల్లో మనుషులు కాపురాలుంటున్నారు. 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. బందరు సంగతి వేరు. 1864 తుపాను అక్కడ దాదాపు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత మా ఊరు మునుపటిలా కోలుకోలేదు. మిగిలిన కొద్ది రాళ్లనీ చూసేవాళ్లు తక్కువ. మంగినపూడి బీచికి వెళ్లేవాళ్లు దయచేసి బందరుకోటలో ఒక అరగంట ఆగండి. పిల్లలకి ఆ రాళ్లు చూపించి, ఇక్కడి నుంచి ఓడలు ఎక్కడిదాకా వెళ్లాయో చెప్పండి.