జోలాపుట్టు చూసొద్దామా?

మన హైటెక్ సిటీలో అర్ధరాత్రి కూడా పట్టపగల్లా దీపాలే! ఆ వెలుగుల్లో బతికే మనం కరెంటు పుట్టే చోటు ఒక్కటైనా చూడొద్దూ? ఈసారి అరకు వెళితే ముంచంగిపుట్టు మీదుగా జోలాపుట్టు జలాశయం కూడా చూసి రండి. అక్కడ మాచ్‌ఖండ్ నదే ఆంధ్రకూ ఒడిశాకూ సరిహద్దు. అప్పటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి తలపెట్టిన విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. ఇప్పుడు కరెంటు ఆంధ్రకు సగం, ఒడిశాకు సగం. రెండిళ్లవాళ్లు ఒకే బావిలో నీళ్లు తోడుకున్నట్టన్నమాట! దగ్గర్లోనే డుడుమ జలపాతం, చూడకుండా రాకండి.

అయితే ఒక్కమాట. ఆ నీళ్ల కింద ఎన్నో పల్లెలు మునిగాయి. వేలమంది ఇల్లూ పొలమూ వదిలి వెళ్లారు, వాళ్లలో గిరిజనులే ఎక్కువ. కరెంటును రెండు రాష్ట్రాలూ పంచుకున్నాయి, ఆ కష్టం మాత్రం కొండ జనానిదే అయింది. పంపకంలో వాళ్లకూ ఓ వాటా ఉండొద్దూ? ఏమంటారు?