గాభరాకీ కొలతలున్నాయి

గోదావరికి వరదొస్తే ధవళేశ్వరంలో భయాన్ని అడుగుల్లో కొలుస్తారు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదలు చూసీ చూసీ రాటుదేలిన కోనసీమ లంకవాసులు మొదటిదాన్ని పెద్దగా పట్టించుకోరు. రెండోదానికి పశువుల్ని గట్టు మీదికి తోలడం మొదలవుతుంది. మూడోది వచ్చిందంటే ఎంతటివాడికైనా కాళ్ళూ చేతులూ ఆడవు.

జనం మాటల్లోనూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. కంగారు పడ్డవాడు పని చేస్తాడు, కాకపోతే తలకిందులుగా చేస్తాడు: తాళంచెవి ఇంట్లోనే వదిలేసి తలుపుకి కప్ప బిగిస్తాడు. బెంబేలెత్తినవాడు ఎదురైన ప్రతివాణ్ణీ సలహా అడుగుతాడు, ఏదీ వినడు. బిక్కచచ్చిపోయినవాడు అదీ అడగలేడు. గాభరా ఉత్తరాది నుంచి వచ్చిన మాటే అయినా, అమలాపురం సంతలో దానికి పరాయితనం ఎప్పుడో పోయింది.

ఇంగ్లీషువాడి ‘ప్యానిక్’ వెనక గ్రీకుల పాన్ అనే దేవుడున్నాడు. సగం మనిషి, సగం మేక. అడవిలో ఒంటరిగా వెళ్ళేవాళ్ళని ఉన్నట్టుండి హడలగొట్టేవాడట. తీరా సమయానికి ధైర్యం చాలక తప్పుకునేవాడికి ఇంగ్లీషులో పాదాలు చల్లబడతాయి. మన దగ్గర కాళ్ళు చల్లబడ్డాయంటే డాక్టరు కోసం పరుగెత్తాల్సిందే! తప్పుకునేవాడు ఇక్కడ జావగారిపోతాడు, లేదా చేతులెత్తేస్తాడు.

గుండెల్లో రైళ్ళు పరుగెత్తడం మాత్రం కోనసీమకి కాస్త అన్యాయమే. కాకినాడ నుంచి వచ్చే రైలుమార్గం గౌతమికి అవతలి ఒడ్డున కోటిపల్లిలో ఆగిపోయింది. అక్కణ్ణుంచి నరసాపురం దాకా లైను వేసే పని పాతికేళ్ళుగా సాగుతూనే ఉంది. ఊళ్ళోకి రాని రైలు గుండెల్లో మాత్రం వేళ తప్పకుండా నడుస్తోంది.

నిజంగా గుండెలవిసిన రోజులూ ఈ సీమకి తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి బద్దలైంది. మంటలు ఆరడానికి 65 రోజులు పట్టింది. ‘బ్లోఅవుట్’ అన్న మాట అప్పుడే ఊరి మాటైపోయింది. దానికి తెలుగు కోసం ఎవరూ వెతకలేదు, వెతికే తీరికా లేదు.

కంగారు పడాలన్నా కాస్త వ్యవధి ఉండాలి. 2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరం గ్రామంలో అదీ దక్కలేదు. గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాసు తెల్లవారుజామున అంటుకుంది. ఇళ్ళూ కొబ్బరిచెట్లూ మాడిపోయాయి, ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఉదయానికి పైన చెప్పిన మాటల్లో ఏదీ సరిపోదు.

ఇప్పుడు అన్నిటికీ ఒక్కటే మాట: టెన్షన్. పరీక్ష రాసే పిల్లకీ టెన్షనే, పెళ్ళికూతురి తండ్రికీ టెన్షనే. అర్ధరాత్రి కరెంటు పోతుంది, చెరువులో ఏరియేటర్లు ఆగిపోతాయి, ఆక్సిజన్ చాలక రొయ్యలు పైకి తేలతాయి. టార్చిలైటు పట్టుకుని జనరేటర్ కోసం పరుగెత్తిన రైతుని తెల్లారాక పలకరిస్తే “కాస్త టెన్షన్ పడ్డామండి” అంటాడు. గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఊరుకోడు. “టెన్షనేంటండీ, హడిలి చచ్చాడండి, ఆయ్!”