మా బండికి దగ్గు తగ్గింది



మాది పాడేరు పైన కొండ మీద చిన్న ఊరు. బస్సు రాదు. ఊరందరికీ ఉన్నది మా అయ్య బండి ఒక్కటే. అది యమహా ఆర్.ఎక్స్. 100. ఆ రకం బళ్ళు చెయ్యడం 1996లోనే ఆపేశారు. అంటే అది నాకన్నా చాలా పెద్దది. జ్వరం వచ్చినోళ్ళనీ, నెలలు నిండినోళ్ళనీ ఆసుపత్రికి దించేది అదే. అది కదలకపోతే డోలీ కట్టాల్సిందే.

పోయిన వానాకాలం దానికి దగ్గు పట్టుకుంది. నల్లపొగ వదిలి ఎత్తు మీద ఆగిపోయేది. కింద చోడవరంలో బాగు చేయిస్తే అక్కడ బాగా నడిచేది. కొండెక్కితే మళ్ళీ అదే గోల. అప్పటికే మా అత్తకి తొమ్మిదో నెల. అయ్యకి నిద్ర పట్టేది కాదు.

దసరా సెలవులకి ఇంటికెళ్ళాను. సంతలో బళ్ళు బాగు చేసే మా మావ వచ్చాడు. "కోడలా, నాకు రాయడం రాదు, నువ్వు రాసుకో" అన్నాడు. నేను రాసుకున్నది ఇది.

కార్బొరేటర్ పని పెట్రోలులో గాలి కలపడం. పాడేరు సుమారు 900 మీటర్ల ఎత్తు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. పెట్రోలు మాత్రం అంతే వస్తుంది. అందుకే సగం మండి, సగం మసి అవుతుంది. మన సైన్సు పాఠంలో మంటకి గాలి కావాలని చదివాం కదా, అదే ఇది.

ముందు ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. ఇటుక రంగులో ఉంటే సరి. స్క్రూ ముట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులపాలి. మాది మట్టితో మూసుకుపోయి ఉంది. జెట్టుని నోటితో ఊదాలి, పిన్నుతో పొడిస్తే బెజ్జం పెద్దదైపోతుంది. ఆ తర్వాత ఇంజను వేడెక్కాక ఎయిర్ స్క్రూని కొంచెం కొంచెంగా బయటికి తిప్పాలి. చప్పుడు ఎక్కడ చురుగ్గా, సమంగా ఉంటే అక్కడ ఆపాలి. మరీ తిప్పితే గాలి ఎక్కువై ఇంజను కాలి పిస్టన్ పట్టేస్తుంది.

"ఆడపిల్లకి ఆ నూనె చేతులేంటి" అంది అమ్మ. మావ వినలేదు, స్క్రూడ్రైవర్ నా చేతికే ఇచ్చాడు. కొండ మీద ఎన్ని చుట్లు, కింద ఎన్ని చుట్లు అని లెక్కల నోటుబుక్కు వెనక రాసి, ఆ కాగితం చింపి అయ్యకి ఇచ్చాను. అయ్యకి అక్షరాలు రావు. అందుకని చుట్టుకి ఒక గీత గీశాను.

పది రోజులకి అత్తకి నొప్పులొచ్చాయి. బండి ఎక్కడా ఆగలేదు. పాప పుట్టింది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళలో చాలావాటికి కార్బొరేటర్ లేదు, గాలిని బట్టి పెట్రోలు అవే సర్దుకుంటాయి. కానీ మన కొండల్లో పాత బళ్ళే ఎక్కువ. అందుకే అక్కలారా, చెల్లెళ్ళారా, మీ ఊళ్ళో బండి దగ్గితే ముందు ప్లగ్గు రంగు చూడండి. మనం చదివిన నాలుగు ముక్కలు మన ఊరికి పనికి రావాలి.

- తొమ్మిదో తరగతి విద్యార్థిని